శనివారం ఆట, మిగతా ఆరు రోజులూ వాదన

2025 డిసెంబరు మొదటి శనివారం అమెరికాలో మయామీ, నోటర్‌డామ్ యూనివర్సిటీల ఫుట్‌బాల్ జట్లు రెండూ ఇంట్లోనే ఉన్నాయి. రెండిటికీ ఆ రోజు మ్యాచ్ లేదు. అంతకుముందు మంగళవారం వచ్చిన ర్యాంకుల్లో నోటర్‌డామ్ 10, మయామీ 12. ఆదివారం తుది జాబితా వచ్చేసరికి మయామీ 10, నోటర్‌డామ్ 11. ఎవరూ బంతి ముట్టుకోలేదు, ర్యాంకులు మాత్రం తారుమారయ్యాయి. పదో ర్యాంకుకి జాతీయ టైటిల్ కోసం ఆడే అవకాశం వచ్చింది, పదకొండుకి రాలేదు. నోటర్‌డామ్‌కి ఎంత ఒళ్లు మండిందంటే, సీజన్ చివర్లో ఆనవాయితీగా ఆడే బౌల్ మ్యాచ్ కూడా మాకొద్దని మానేసింది.

అమెరికాలో ఎంఎస్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ ఆట ఒక ఫోటోగా మాత్రమే తెలుసు. అబ్బాయి ఎర్ర టీషర్టు వేసుకుని స్టేడియంలో నిలబడి ఉంటాడు, వెనకాల సముద్రంలా జనం. "కాలేజీ మ్యాచ్‌కి ఇంతమందా?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అవును, ఇంతమందే. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 సీట్లున్నాయి. మన దేశంలో అంతకంటే పెద్దది అహ్మదాబాద్ క్రికెట్ స్టేడియం ఒక్కటే. నెబ్రాస్కా యూనివర్సిటీ స్టేడియంలో 1962 నుంచి ఒక్క మ్యాచ్‌కి కూడా టికెట్లు మిగల్లేదు. ఆ రాష్ట్రంలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు లేదు. అక్కడ వాళ్లకి జాతర, తీర్థం అన్నీ ఈ ఆటే.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ప్రయత్నాలిస్తారు. వెళ్తే మళ్లీ నాలుగు, వెళ్లకపోతే బంతి అవతలివాళ్లకి. చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. క్వార్టర్‌బ్యాక్ అనేవాడు బంతి అందుకుని ఎవరికి విసరాలో మూడు సెకన్లలో తేల్చుకోవాలి. అర్థం కావడానికి ఇది చాలు. చిక్కంతా మైదానం బయట ఉంది.

ఐపీఎల్‌లో పది జట్లు, ఒక్కొక్కరికి 14 మ్యాచులు, పాయింట్ల పట్టిక. పైన నాలుగు ముందుకెళ్తాయి, సమానమైతే నెట్ రన్‌రేట్ చూస్తారు. ఎవరికీ అనుమానం ఉండదు. అదే కాలేజీ ఫుట్‌బాల్ పై స్థాయిలో 2025లో 136 జట్లున్నాయి. దెబ్బలు తగిలే ఆట కాబట్టి వారానికి ఒక్క మ్యాచే, మామూలు సీజన్ మొత్తానికి పన్నెండు. ఏ జట్టయినా మిగతా 135లో ఎక్కువలో ఎక్కువ పన్నెండింటిని చూస్తుంది. ఎవరితో ఆడాలో చాలావరకు కాన్ఫరెన్సులనే కూటములు తేలుస్తాయి, మిగిలిన మ్యాచులు ఏళ్ల ముందే మాట్లాడుకుని పెట్టుకుంటారు. ఒకరు పదకొండు గెలిచారంటే అందులో ఎన్ని గట్టి జట్ల మీద, ఎన్ని ఊరికే వచ్చినవి?

ఎంసెట్ రాయించిన తల్లిదండ్రులకి ఇది ఇట్టే తెలుస్తుంది. పొద్దున షిఫ్టు పేపర్ కష్టంగా వచ్చింది, మధ్యాహ్నం షిఫ్టు తేలిక. 95 మార్కుల కుర్రాడు గొప్పా, 90 మార్కుల అమ్మాయి గొప్పా? దానికి నార్మలైజేషన్ అని ఒక లెక్క ఉంది, దాని మీద ఏటా గొడవ ఉంది. ఇక్కడ ఆ లెక్క కూడా లేదు. ఉన్నదల్లా అభిప్రాయం. ఎవరు ఎవరికంటే గొప్పో కొందరు మనుషులు కూర్చుని అనుకుంటారు, అదే చెల్లుబాటవుతుంది. అందుకే టీ దుకాణం ముందు జరిగే చర్చకీ, టైటిల్ ఎవరికో తేల్చే గదిలో జరిగే చర్చకీ పెద్ద తేడా ఉండదు. రెండుచోట్లా వాదన ఒకటే: "వాళ్లు ఎవరి మీద గెలిచారో చూడు."

ఇది మొదటి నుంచీ ఇంతే. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 1936లో విలేకరుల ఓట్లతో వారంవారం ర్యాంకులు వేయడం మొదలుపెట్టింది. శనివారానికీ శనివారానికీ మధ్య పత్రికల్లో ఆసక్తి, వివాదం రగిలించడానికే ఆ ఆలోచన చేశానని అప్పటి స్పోర్ట్స్ ఎడిటర్ ఆలన్ గౌల్డ్ దాచకుండా చెప్పుకున్నాడు. వాదన పుట్టించడానికి పెట్టిన జాబితా కాస్తా దశాబ్దాల పాటు విజేతని తేల్చే జాబితా అయి కూర్చుంది. అప్పట్లో తుది ఓటింగు కూడా బౌల్ మ్యాచుల ముందే అయిపోయేది. 1964 సీజన్‌లో అలబామా విజేత అని తేల్చేశారు. తర్వాత కొత్త సంవత్సరం రోజున అదే జట్టు ఆరెంజ్ బౌల్‌లో టెక్సాస్ చేతిలో 21-17 తేడాతో ఓడిపోయింది. టైటిల్ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇంకో విడ్డూరం. కాలేజీ ఆటలన్నిటినీ నడిపే ఎన్‌సీఏఏ సంస్థ బాస్కెట్‌బాల్‌కి టైటిల్ ఇస్తుంది, ఈతకి ఇస్తుంది, ఆఖరికి రైఫిల్ షూటింగుకి కూడా ఇస్తుంది. పై స్థాయి ఫుట్‌బాల్‌కి మాత్రం నేటికీ తాను ఇవ్వదు. దాంతో ఎవరికి వాళ్లు ప్రకటించుకోవచ్చు. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ 13 మ్యాచులాడి 13 గెలిచింది. చిన్న కాన్ఫరెన్స్ జట్టని, టైటిల్ తేల్చే ప్లేఆఫ్ మ్యాచులకి పిలవలేదు. వాళ్లు "జాతీయ విజేతలం మేమే" అని చెప్పుకుని డిస్నీ వరల్డ్‌లో ఊరేగింపు చేసుకున్నారు. జనం నవ్వారు. నేనైతే నవ్వలేదు, ఓడనివాణ్ని ఓడిపోయావని ఎలా అంటాం?

మధ్యలో కంప్యూటర్లని నమ్ముకున్న కాలం ఒకటి ఉంది. 1998 నుంచి 2013 వరకు బీసీఎస్ అనే పద్ధతిలో ఓట్లనీ కంప్యూటర్ లెక్కల్నీ కలిపి మొదటి రెండు జట్లకి ఫైనల్ పెట్టేవారు. 2003లో విలేకరుల ఓటింగులో, కోచ్‌ల ఓటింగులో మొదటి స్థానం సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూఎస్‌సీ) జట్టుదే. కంప్యూటర్లు కలిసేసరికి అది మూడోదయింది. ఫైనల్లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) గెలిచింది, వార్తాసంస్థ మాత్రం తన టైటిల్ యూఎస్‌సీకే ఇచ్చింది. ఒక ఏడాది, ఇద్దరు విజేతలు. యంత్రం తీర్పు మనిషికి నచ్చనప్పుడు మనిషి తన మాటే నెగ్గించుకున్నాడు.

2014 నుంచి పదమూడు మంది సెలెక్షన్ కమిటీ వచ్చింది. యూనివర్సిటీల క్రీడా డైరెక్టర్లు, పాత కోచ్‌లు, పాత ఆటగాళ్లు అందులో ఉంటారు. డాలస్ ఎయిర్‌పోర్టు పక్కన గ్రేప్‌వైన్‌లో ఒక పెద్ద హోటల్లో కూర్చుంటారు. ఇర్వింగ్, కాపెల్‌లో ఉండే మన తెలుగువాళ్లకి అది పక్క వీధి లాంటిదే. తమ యూనివర్సిటీ పేరు చర్చకి వచ్చినప్పుడు ఆ సభ్యుడు గదిలోంచి బయటికి వెళ్లాలి. నవంబరు నుంచి ప్రతి మంగళవారం రాత్రి టీవీలో ర్యాంకులు చెబుతారు. నిజానికి చివరి ఆదివారం చెప్పే జాబితా ఒక్కటే లెక్కలోకి వస్తుంది. మిగతా మంగళవారాలు ఎందుకంటే, గౌల్డ్ చెప్పిందే కారణం. వివాదం లేకపోతే టీవీ ఎవరు చూస్తారు?

ఆ కమిటీ చేసిన పనుల్లో ఎక్కువ మంటలు రేపింది 2023 నాటిది. అప్పట్లో ప్లేఆఫ్‌కి నాలుగే సీట్లు. ఫ్లోరిడా స్టేట్ జట్టుకి జోర్డన్ ట్రావిస్ అనే మంచి క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. నవంబరు 18న నార్త్ అలబామా అనే చిన్న జట్టుతో ఆడుతుంటే అతని కాలు విరిగింది. ఆ తర్వాత కూడా జట్టు ఓడలేదు. కాన్ఫరెన్స్ ఫైనల్‌కి రెండో క్వార్టర్‌బ్యాక్ కూడా దెబ్బతో కూర్చుంటే మూడోవాడు, ఇంకా మొదటి ఏడాది కుర్రాడు, దిగాడు. డిఫెన్స్ కాచుకుంది, 16-6తో లూయివిల్ మీద గెలిచారు. 13కి 13, పైగా కాన్ఫరెన్స్ టైటిల్. మర్నాడు టీవీ ముందు జట్టంతా కూర్చుంది. నాలుగో పేరు అలబామా. ఒక మ్యాచ్ ఓడిన జట్టు. కమిటీ చెప్పిన కారణం, ట్రావిస్ లేని ఫ్లోరిడా స్టేట్ ఇప్పుడు అదే జట్టు కాదని. ఆ సాయంత్రం ట్రావిస్ సోషల్ మీడియాలో రాసింది చదివితే కళ్లు చెమరుస్తాయి. నా కాలు సీజన్‌లో ఇంకా ముందే విరిగి ఉంటే బాగుండేది, ఈ జట్టు అంటే నేనొక్కణ్నే కాదని మీకు తెలిసేది అన్నాడు.

కమిటీని వెనకేసుకొచ్చేవాళ్లు ఒక అంకె చూపిస్తారు. ఆ డిసెంబరు 30న ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో ఫ్లోరిడా స్టేట్ 63-3తో చిత్తయింది. "చూశారా, మేం చెప్పలేదా?" అని. కానీ టైటిల్ లేని మ్యాచ్ కోసం దెబ్బలు తగిలించుకోవడం ఎందుకని ఆ జట్టులో ముఖ్యమైన ఆటగాళ్లు చాలామంది అసలు దిగలేదు. పరీక్ష హాల్లోకి రానివ్వకుండా ఇంటి దగ్గర ఇంకెవరితోనో పేపర్ రాయించి, ఫెయిలయ్యాడన్నట్టుంది ఇది.

2024 నుంచి సీట్లు నాలుగు కాస్తా పన్నెండయ్యాయి. ర్యాంకుల్లో ముందున్న ఐదుగురు కాన్ఫరెన్స్ విజేతలకి తప్పనిసరిగా, మిగతా ఏడు ర్యాంకుల వరసలో. సీట్లు పెరిగితే గొడవ తగ్గుతుందనుకున్నారు. మొదటి ఏడాది నలుగురు కాన్ఫరెన్స్ విజేతలకి తొలి రౌండ్ ఆడే పని లేకుండా సెలవిచ్చారు. మనవాళ్లు బోలెడంత మంది చదివే అరిజోనా స్టేట్ పన్నెండో ర్యాంకుతో ఆ సెలవు కొట్టేసింది. తీరా క్వార్టర్ ఫైనల్లో సెలవు తీసుకున్న నాలుగు జట్లూ ఓడాయి. అరిజోనా స్టేట్ ఒక్కటే టెక్సాస్‌ని రెండు ఓవర్‌టైముల దాకా లాక్కెళ్లి ప్రాణం విసిగించింది. మరుసటి ఏడాదికి రూలు మార్చేశారు, సెలవు నేరుగా మొదటి నాలుగు ర్యాంకులకే.

ఇప్పుడు మళ్లీ మయామీ దగ్గరికి. 2025లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ టైటిల్ ఐదు మ్యాచులు ఓడిన డ్యూక్ గెలిచింది. దానికి ర్యాంకే లేదు. దాంతో ఐదు ఖాయమైన సీట్లలో రెండు చిన్న కాన్ఫరెన్సుల నుంచి వచ్చిన తులేన్, జేమ్స్ మాడిసన్‌లకి వెళ్లాయి. అంటే పన్నెండు సీట్లని పేరే కానీ పదో ర్యాంకుతో గేటు పడింది. నోటర్‌డామ్, మయామీ రెండూ పదేసి గెలిచి రెండేసి ఓడాయి. సీజన్ మొదటి వారాంతంలోనే ఆగస్టు 31న ముఖాముఖి తలపడితే మయామీ 27-24తో గెలిచింది. మరి మయామీ ముందుండాలి కదా? నవంబరు నెలంతా కమిటీకి అది గుర్తు రాలేదు. ఆఖరి వారం ఈ ఇద్దరి మధ్యలో ఉన్న బీవైయూ జట్టు టెక్సాస్ టెక్ చేతిలో 34-7తో ఓడి కిందికి జారింది. అప్పుడు ఇద్దరూ పక్కపక్కన కనిపించారట, అప్పుడు ముఖాముఖి ఫలితం గుర్తొచ్చిందట. కమిటీ ఛైర్మన్ చెప్పిన వివరణ సారాంశం ఇదే.

నా లెక్కలో నిర్ణయం సరైందే, చేసిన తీరు బాగోలేదు. ఆగస్టులో తెలిసిన సంగతిని డిసెంబరులో వాడారు. ప్రతి మంగళవారం నోటర్‌డామ్ పిల్లలకి "మీరు లోపలున్నారు" అని చెబుతూ వచ్చి, చివరి రోజు లేదన్నారు.

ఇంత అభిప్రాయం చుట్టూ ఎంత డబ్బుందో చూద్దాం. ఈ ప్లేఆఫ్ ప్రసార హక్కులకి ఈఎస్‌పీఎన్ అనే స్పోర్ట్స్ టీవీ సంస్థ ఆరేళ్లకి 780 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. బిగ్ టెన్ కాన్ఫరెన్స్ 2022లో చేసుకున్న ఏడేళ్ల టీవీ ఒప్పందం 700 కోట్ల డాలర్లకి పైమాటే. దీనికి దారి వేసింది 1984లో సుప్రీంకోర్టు తీర్పు. అప్పటిదాకా ఎవరి మ్యాచ్ ఎన్నిసార్లు టీవీలో రావాలో ఎన్‌సీఏఏ చెప్పేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కేసు వేసి గెలిచాక ఎవరి సరుకు వాళ్లు అమ్ముకోవడం మొదలైంది. కాన్ఫరెన్స్ అంటే ఇరుగుపొరుగు కాలేజీల సంఘం అన్న అర్థం పోయి, టీవీ ఒప్పందానికి సంతకం పెట్టే బృందం అన్న అర్థం వచ్చింది.

పసిఫిక్ తీరంలో వందేళ్లకి పైగా చరిత్ర ఉన్న పాక్-12 కాన్ఫరెన్స్ అలాగే చెదిరిపోయింది. 2022 జూన్ 30న యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వెళ్లిపోతున్నామన్నాయి. మర్నాటి ఏడాది ఒక్క వేసవిలో మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. పన్నెండులో మిగిలింది ఓరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే. ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉన్న స్టాన్‌ఫర్డ్ "అట్లాంటిక్ తీరం" కాన్ఫరెన్సులో ఆడుతోంది. బిగ్ టెన్‌లో పద్దెనిమిది జట్లు, బిగ్ 12లో పదహారు. అంకెలు నేర్పే యూనివర్సిటీలే ఇలా ఉంటే ఇంక చెప్పేదేముంది. నవ్వు పక్కన పెడితే, ఫుట్‌బాల్ జట్టు వారానికోసారి చార్టర్డ్ విమానంలో వెళ్లొస్తుంది. అదే యూనివర్సిటీలో వాలీబాల్ ఆడే అమ్మాయి కూడా దేశం ఈ చివర్నుంచి ఆ చివరికి తిరగాలి, తిరిగొచ్చి క్లాసుకి కూర్చోవాలి.

ఆటగాళ్ల చేతికి డబ్బు రావడం ఇటీవలి ముచ్చట. 2010లో ఒహాయో స్టేట్ ఆటగాళ్లు తమకొచ్చిన ఉంగరాలు, జెర్సీలు ఇచ్చి పచ్చబొట్లు పొడిపించుకున్నారని పెద్ద గొడవైంది. కోచ్ జిమ్ ట్రెసెల్ పదవి పోయింది. అదే ఏడాది యూఎస్‌సీ పాత ఆటగాడు రెజ్జీ బుష్, చదువుకునే రోజుల్లో ఇంటివాళ్లు డబ్బు తీసుకున్నారన్న ఆరోపణలతో, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీని (2005లో గెలిచింది) వదులుకోవాల్సి వచ్చింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏని తప్పుపట్టింది. పది రోజుల్లో, జులై 1 నుంచి, ఆటగాళ్లు తమ పేరు, ఫోటో అమ్ముకోవచ్చని తలుపులు తెరిచారు. దీన్నే ఎన్ఐఎల్ అంటున్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ అనే కేసు రాజీ ఒప్పందంతో యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకి పంచవచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి సుమారు 2.05 కోట్ల డాలర్ల పరిమితితో. పాత ఆటగాళ్లకి బకాయిగా 280 కోట్ల డాలర్లు. బుష్ ట్రోఫీ 2024లో ఇంటికి తిరిగొచ్చింది.

ఇందులో మన పిల్లలకి బాగా తెలిసిన మెలిక ఒకటుంది. ఎఫ్-1 వీసా. చదువుకునేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, బయట పనికి విడిగా అనుమతి. స్టేడియం పక్క కెఫెటేరియాలో గిన్నెలు సర్దే గుంటూరు కుర్రాడికి ఏ రూలో, ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఆ స్టేడియంలో బంతిని అరవై గజాలు తన్నే పంటర్‌కీ అదే రూలు. తోటి ఆటగాడు కారు కంపెనీ ప్రకటనలో నటించి సంపాదిస్తుంటే ఇతను వీసా పోతుందేమోనన్న టెన్షన్‌తో లాయర్ దగ్గర కూర్చోవాలి. అమెరికా దాటి బయటికి వెళ్లినప్పుడే ప్రకటనల పని పూర్తిచేసుకున్న విదేశీ ఆటగాళ్లున్నారు.

డబ్బుతోపాటు కాళ్లకి స్వేచ్ఛ కూడా వచ్చింది. యూనివర్సిటీ మారాలంటే ఇదివరకు ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018లో రావడంతో, తర్వాత సడలిన రూళ్లతో, ఇప్పుడు ఎవరైనా ఏడాదికోసారి మారిపోవచ్చు. కోచ్‌లయితే ఎప్పటినుంచో మారుతూనే ఉన్నారు. 2025 నవంబరు 30న లేన్ కిఫిన్ పదకొండు గెలిచి ప్లేఆఫ్ ముందున్న ఓల్ మిస్ (మిసిసిపి యూనివర్సిటీ) జట్టుని వదిలి ఎల్ఎస్‌యూకి వెళ్లిపోయాడు. పెళ్లి పీటల మీద నుంచి లేచిపోయినట్టని అభిమానులు తిట్టిపోశారు. తిట్లు న్యాయమే, క్యాలెండర్ కూడా దోషే. కొత్త కుర్రాళ్లు సంతకాలు పెట్టేది డిసెంబరు మొదట్లో, పోర్టల్ తెరిచేది జనవరిలో, ప్లేఆఫ్ సరిగ్గా ఆ మధ్యలో. ఓల్ మిస్ మాత్రం కొత్త కోచ్‌తోనే సెమీఫైనల్ దాకా వెళ్లింది.

ఆ సెమీఫైనల్లో వాళ్లని ఆపింది మయామీ. అవును, పదో ర్యాంకుతో ఆఖరి నిమిషంలో లోపలికొచ్చిన అదే మయామీ. టెక్సాస్ ఏ అండ్ ఎంని, ఒహాయో స్టేట్‌ని, ఓల్ మిస్‌ని వరసగా ఓడించి 2026 జనవరి 19న తన సొంత మైదానంలోనే ఫైనల్ ఆడింది. ఆదివారం మధ్యాహ్నం ఒక గదిలో ఇంకోలా అనుకుని ఉంటే ఈ మ్యాచులేవీ జరిగేవి కావు.

ఎదురుగా ఉన్నది ఇండియానా. రెండేళ్ల ముందు 2023లో మూడు గెలిచి తొమ్మిది ఓడిన జట్టు. కోచ్ కర్ట్ సిగ్నెట్టి వచ్చి పోర్టల్‌లోంచి ఆటగాళ్లని ఏరుకున్నాడు. క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా కూడా కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి మారి వచ్చినవాడే, పెరిగింది మయామీలో. నాలుగో క్వార్టర్లో, నాలుగో ప్రయత్నంలో, పన్నెండు గజాల దూరం నుంచి బంతి విసురుతాడనుకుంటే తానే పట్టుకుని పరిగెత్తాడు. ఇద్దరు ముగ్గురు తగులుకున్నా ఆగకుండా గాల్లోకి ఎగిరి చేతులు చాచి గీత అవతల పడ్డాడు. ఇండియానా 27-21. సీజన్ మొత్తానికి పదహారుకి పదహారు. 1894లో యేల్ తర్వాత ఎవరూ పదహారు మ్యాచులు గెలిచి ఓటమి లేకుండా ముగించలేదు.

ఆ రాత్రి విజేత ఎవరన్నదాని మీద వాదించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. తెల్లారేసరికి పత్రికల్లో, టీవీల్లో వచ్చే సీజన్‌కి తొలి పాతిక జట్ల అంచనా జాబితాలు వచ్చేశాయి.